కన్నోరింటి దారి

1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు గురజాడ రాసిన ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడారు. ఆ నాటకం పేరు చెప్పగానే గిరీశం గుర్తుకొస్తాడు, మధురవాణి గుర్తుకొస్తుంది. వెంకమ్మ అంత తొందరగా ఎవరికీ గుర్తురాదు. కృష్ణారాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్ల భార్య ఆవిడ. పెద్దకూతురు బుచ్చమ్మను మొగుడు డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెడితే ఆ పిల్ల విధవై ఇంటికి తిరిగొచ్చింది. ఇప్పుడు చిన్నకూతురు సుబ్బి వంతు. పద్దెనిమిది వందల రూపాయలకు లుబ్ధావధాన్లకు ఇచ్చేస్తానంటాడు మొగుడు. వెంకమ్మ వద్దంది, ఏడ్చింది, చివరికి నూతిలో దూకింది.

నాటకం మొత్తం ఆ నూతి దగ్గరే మలుపు తిరుగుతుంది. ఇంటి పెత్తనం మొగుడిది. బేరం మొగుడిది. సంతకం, సాక్ష్యం, ముహూర్తం అన్నీ మగవాళ్లవి. కూతుర్ని కాపాడుకోవడానికి ఆ తల్లి చేతిలో ప్రాణం తప్ప ఇంకేమీ లేదు. ఆవిడకు అండగా నిలిచింది తోడబుట్టిన కరటకశాస్త్రి. శిష్యుడు మహేశానికి ఆడవేషం వేయించి లుబ్ధావధాన్ల ఇంటికి తీసుకెళ్లింది మేనగోడలి కోసమే. తల్లి చెయ్యలేకపోయింది మేనమామ చేశాడు. గురజాడ దీన్ని హాస్యంగా నడిపించాడు గానీ, ఉత్తరాంధ్ర కుటుంబాల్లో తల్లికీ కూతురికీ మధ్య ఉన్న బంధం ఎట్లాంటి బలగం మీద ఆధారపడి ఉండేదో ఆ రెండు పాత్రల్లోనే తేటగా కనిపిస్తుంది.

ఇది కల్పన అనుకోవడానికి వీల్లేదు. 1897లో అచ్చయిన మొదటి కూర్పు ముందుమాటలో గురజాడ ఒక జాబితా సంగతి రాశాడు. విజయనగరం మహారాజు పూనికతో, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్క వివాహాల లెక్క తీశారు. ఒప్పుకోవడానికి ఇష్టపడనివాళ్లు పోగా తేలినవే 1034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది నిండిన పసిగుడ్లు ముగ్గురు. ఆ ముగ్గురికీ 350 నుంచి 400 రూపాయల దాకా ధర పలికింది. పాలు మాననివాళ్లు వాళ్లు. ఆ లెక్కలో ఒక్క తల్లి మాటా లేదు. బేరం కుదిరిన రాత్రి ఆ ముగ్గురు తల్లులు ఏంచేశారో ఏ కాగితమూ చెప్పదు.

అయితే అగ్రహారం గోడ దాటి ఊళ్లోకి వస్తే ఇదే సంగతి మరో రకంగా నడిచేది. కాపులు, కళింగులు, వెలమలు, జాలర్లు, ఇంకా కూలినాలి చేసుకుని బతికే అనేక కులాల్లో మగపెళ్లివారు ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవారు. పైకి రెండూ ఒకటే. పిల్లకు డబ్బు పుచ్చుకోవడమే. కానీ తేడా పెద్దది. అగ్రహారంలో ధర పలికింది పసితనానికి, వయసు మళ్లినవాడి ఆశకు. ఇక్కడ ఓలి వచ్చింది పిల్ల చేతి పనికి. ఉడుపులకు, కలుపులకు, కోతలకు, నూర్పులకు, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరగడానికి ఒక మనిషి ఆ ఇంటినుంచి ఈ ఇంటికి వెళ్లిపోతోంది. పోయిన ఆ చేతుల కోసం కన్నవాళ్లకు ఎంతో కొంత ముట్టజెప్పాలన్నది అప్పటి న్యాయం. పెళ్లికూతురి తల్లికి విడిగా కోక పెట్టాలి, అది లేకుండా పెళ్లి కదలదు.

1909లో థర్స్టన్ వెలువరించిన ఏడు సంపుటాల ‘దక్షిణ భారత కులాలు, తెగలు’లో విశాఖ జిల్లా కులాల మీద ఉన్న వివరాలు చాలావరకు సి. హయవదనరావు పోగుచేసినవి. ఓలి, మేనరికం, మారుమనువు అన్న మాటలు ఆ పుటల్లో మళ్లీ మళ్లీ తగులుతాయి. మొగుడు పోయినా, మొగుడితో పొసగకపోయినా ఆ ఇళ్లలో ఆడది మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. మొదటివాడి ఓలి రెండోవాడు తీరుస్తాడు. ఈ రెంటికీ మధ్య కాలంలో ఆమె ఉండేది ఎక్కడ? కన్నోరింట్లోనే. అంటే తల్లి ఇంటి తలుపు పెళ్లితో మూసుకునేది కాదు. తిరిగొచ్చిన కూతురు నోరు మూసుకుని మూల కూర్చోవలసిన పని లేదు. మర్నాడు పొద్దున్నే తల్లితోపాటు కొడవలి పట్టుకుని పొలానికి పోయేది. బుచ్చమ్మకు దొరకనిది ఇదే. అగ్రహారంలో పుట్టిల్లు చేరిన విధవ కూతురికి తిండి ఉంది, బతుకు లేదు.

ఓలి ఆచారాన్ని గొప్పగా చెప్పుకోవలసిన పనీ లేదు. కూతురి రెక్కలకు విలువ ఉన్నచోట ఆ రెక్కల కోసం పోట్లాటా ఉంటుంది. కాళీపట్నం రామారావు రాసిన ‘ఆర్తి’ కథ అంతా ఆ పోట్లాటే. కూలికి పోతేగానీ పొయ్యి రాజుకోని రెండిళ్ల మధ్య ఒక చిన్నది నలిగిపోతుంది. కన్నతల్లికి ఆ పిల్ల కూలి కావాలి, అత్తకూ అదే కావాలి. ఇద్దరిలో ఏ ఒక్కరూ చెడ్డవాళ్లు కారు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పేదతల్లి ప్రేమ ఎంత నిజమో, ఆ ప్రేమను ఆకలి ఎట్లా వంచుతుందో అంత నిజంగా చెప్పిన కథ మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. కథల కోసం శ్రీకాకుళంలో 1997లో కథానిలయం పెట్టిన మనిషి రాసిన కథ అది.

ఇక మేనరికం. దీన్ని ఇప్పుడు వైద్యులు వద్దంటున్నారు, ఆ మాట సబబే. కానీ వందేళ్ల కిందటి తల్లి కళ్లతో చూస్తే ఇది వేరే విధంగా ఉండేది. మేనమామకు పిల్లనిస్తే ఆ పిల్ల వెళ్లేది అమ్మమ్మ ఇంటికే. తల్లి పుట్టి పెరిగిన ఇల్లు, తల్లి ఆడుకున్న వాకిలి, తల్లి నీళ్లు తోడిన నుయ్యి. అత్త అంటే ఎవరో కాదు, అమ్మను కన్న అమ్మ. పిల్లకు జ్వరమొస్తే ఎవరు చూస్తారన్న బెంగ ఆ తల్లికి ఉండదు. కబురు కావాలంటే పండక్కి తాను పుట్టింటికి వెళ్తే చాలు, పుట్టిల్లూ కూతురిల్లూ ఒకటే. బస్సులు లేని రోజుల్లో, నాగావళి, వంశధార పొంగితే ఊరికీ ఊరికీ నడుమ రాకపోకలు తెగిపోయే చోట, కూతురు కంటికి కనిపించే దూరంలో ఉండడానికి తల్లులు పట్టుకున్న దారుల్లో ఇదొకటి. పెళ్లినాడు బుట్టలో కూర్చోబెట్టి పిల్లను పందిట్లోకి మోసుకొచ్చేది మేనమామలు కావడం ఉత్తుత్తి ముచ్చట కాదు. తల్లి వైపు బలగం పదిమందిలో నిలబడి, ఈ పిల్ల వెనక మేమున్నామని చెప్పుకునే ఘట్టం అది.

అప్పగింతల వేళ పాలలో ముంచిన పిల్ల చేతిని అత్తవారి చేతుల్లో పెడతారు. ఆ పాటలు పాడేది ఆడవాళ్లే, ఏడ్చేదీ వాళ్లే. అయితే తల్లి పని అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. అసలు పని అక్కడినుంచే మొదలు.

ఆ పని వంటింట్లో కనిపిస్తుంది. బియ్యం నానబోసి, వడగట్టి, తడి ఆరకముందే రోట్లో దంచుతారు. జల్లించిన పిండి గట్టిగా అదిమి పెడతారు, లేకపోతే తడి పోతుంది. బెల్లం పాకం పట్టి, కొబ్బరి ముక్కలు, గసగసాలు వేసి, నెయ్యి పోసి ఆ పిండిని అందులో కలుపుతారు. అదే చలిమిడి. అత్తవారింటికి వెళ్లే కూతురి ఒళ్లో తల్లి పెట్టేది ఇదే. తల్లి కడుపు చల్లగా ఉండాలని పెట్టేదంటారు పెద్దవాళ్లు. కోస్తా ఊళ్లలో దొంగ చలిమిడి అని మరొకటి ఉంది. కూతురు నెల తప్పిందని తెలిశాక, మూడో నెలలో, అత్తవారికి చెప్పకుండా తల్లి చలిమిడి చేసి పట్టుకెళ్లి పిల్లకు తినిపిస్తుంది. పేరుకే దొంగతనం, అత్తగారికి తెలియకపోదు. తన తల్లీ తనకు అట్లాగే తెచ్చింది కదా. సీమంతం నలుగురిలో జరిగే పండగ. దొంగ చలిమిడి తల్లీకూతుళ్ల ఇద్దరిదే. వేవిళ్లు ఎట్లా ఉన్నాయి, అన్నం సయిస్తోందా, ఆ ఇంట్లో ఎవరు ఎట్లా చూస్తున్నారు అని గుట్టుగా అడగడానికి తల్లికి దొరికిన సందు అది.

సారె మాత్రం బహిరంగం. అరిసెలు, పోకుండలు, సున్నుండలు, జంతికలు కావిళ్లలో పెట్టి పంపితే అత్తవారు ఊరంతా పంచుతారు. ఎన్ని కావిళ్లు వచ్చాయో వీధి వీధంతా లెక్కపెడుతుంది. ఆ లెక్క కోసం అప్పులు చేసిన తల్లులూ ఉన్నారు. ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింటికి రావడం, సంక్రాంతికి అల్లుడితో కలిసి రావడం, తొలి చూలుకు తప్పకుండా కన్నోరింటికి చేరడం ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చే పిలుపులు. ఏడాదిలో ఏదో ఒక నెలలో కూతురి మొహం చూసుకునేట్టు తల్లులు కాలాన్నే పంచుకున్నారు.

పురుడు సంగతి దగ్గర లోకంలో మరో మూలనున్న ఒక జనం ఆచారం గుర్తుకు రావాలి. నైజీరియా ఆగ్నేయ ప్రాంతంలో ఉండే ఇబో వాళ్లలో ఒముగ్వో అనే పద్ధతి ఉంది. కూతురు ప్రసవించాక తల్లి తన ఇల్లు విడిచి కూతురింటికి వెళ్తుంది. వారాల తరబడి అక్కడే ఉండి బాలింతకు వేన్నీళ్లు పోయడం, కారంగా మిరియాల పులుసు కాచి పెట్టడం, పసివాడికి స్నానం చేయించడం ఆవిడ పని. తిరుగు ప్రయాణంలో అల్లుడు బట్టలూ కానుకలూ ఇచ్చి పంపాలి. వాళ్లలోనూ పిల్లకు వెల కట్టి తెచ్చుకునే పెళ్లిళ్లే. చినువా అచెబె 1958లో రాసిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో ఎక్వెఫి అనే తల్లికి పదిమంది పుట్టి తొమ్మిదిమంది పోతారు. మిగిలిన కూతురు ఎజిన్మా తల్లిని పేరుపెట్టి పిలుస్తుంది. తల్లి గదిలో తలుపు వేసి కూతురికి గుడ్డు పెట్టే దృశ్యం ఒకటి ఉంది, చిన్నపిల్లలకు గుడ్డు పెట్టకూడదని తండ్రి కట్టడి. దొంగ చలిమిడి ఎరిగిన తెలుగు పాఠకురాలికి ఆ గదిలో ఏం జరుగుతోందో విడమర్చి చెప్పనక్కర్లేదు.

తేడా నడిచే దిక్కులో ఉంది. అక్కడ తల్లి కూతురి దగ్గరికి నడుస్తుంది. ఇక్కడ కూతురు తల్లి దగ్గరికి వస్తుంది. ఇది చిన్న తేడా కాదు. పురిటి నొప్పులు పడే పిల్ల అత్తవారి కళ్ల ముందు కాకుండా తాను పుట్టిన ఇంట్లో, తన తల్లి చేయి పట్టుకుని కనేది. మంత్రసాని ఊరిదే, బహుశా ఈ పిల్లకు బొడ్డు కోసిన మనిషే. పదకొండో రోజు పురుడు, ఇరవయ్యొకటో రోజు బారసాల, మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా అత్తవారింటి చాకిరీ లేదు. ప్రసవంలో ప్రాణాలు పోవడం మామూలైన కాలంలో ఆ మూడు నెలల విశ్రాంతి తల్లులు కూతుళ్ల కోసం సంపాదించి పెట్టిన రక్షణ. విజయనగరం ఘోషా ఆసుపత్రికి పురుడు మారాక కూడా, ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని కూర్చునేది కన్నతల్లే.

ప్రేమ, తిండి, పురుడు ఒక ఎత్తు. తల్లి కూతురికి ఇచ్చిన పని మరో ఎత్తు. ఆ సంగతికి శ్రీకాకుళం జిల్లా పొందూరును మించిన ఊరు లేదు.

పొందూరు నూలు వంద కౌంటు దాకా పోతుంది. యంత్రం తగలని నూలు అది. ఆ సన్నదనం సంగతి విని, గాంధీజీ తన కొడుకు దేవదాసును ఈ ఊరికి పంపించి కనుక్కున్నాడు. నూలు వడికేది పట్టుశాలి ఇళ్ల ఆడవాళ్లు. పత్తి కాయనుంచి వచ్చిన దూదిని గింజతో సహా ఎడమచేత పట్టుకుని, కుడిచేత వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకు వెంట్రుక వాసి పళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. నలక, నుసి, మెలికపడ్డ పోగు అందులో చిక్కుకుంటాయి, మంచి పోగు వరసగా సాగి నిలుస్తుంది. ఎక్కువ ఒత్తితే పోగు తెగుతుంది, తక్కువ ఒత్తితే చెత్త పోదు. ఎంత ఒత్తాలన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు. పక్కన కూర్చున్న తల్లి చేతిని చూసి, తన చేతిలో తెగిన పోగుని చూసి, తల్లి కసిరితే మళ్లీ పట్టుకుని నేర్చుకోవలసిందే. తరవాత చెక్కపలక మీద దూదిని పరిచి ఇనుప కడ్డీని దొర్లిస్తూ గింజ తీస్తారు. దూది పొంగేట్టు మెదిపి, చిన్న విల్లుతో ఏకి, ఏకులు చుడతారు. ఏకులు గాలికి చెదరకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని రాట్నం ముందు కూర్చుంటారు. అన్నిటికీ ఓపికే పెట్టుబడి.

ఈ పని చిన్నపిల్ల పక్కన కూర్చుని నలక ఏరడంతో మొదలవుతుంది. కొంచెం పెరిగాక గింజ తీయడం, ఇంకొంచెం పెరిగాక రాట్నం. వడికినదానికి కూలి వచ్చేది ఆడవాళ్ల చేతికి. చిన్న మొత్తమే, కానీ అది తండ్రినో మొగుణ్నో అడిగి తీసుకున్నది కాదు. అందుకే పొందూరులో తల్లి కూతురికి రాట్నం నేర్పడం అంటే చేతిపని నేర్పడం మాత్రమే కాదు, రేపు ఏదైనా అయితే ఎవరి కాళ్లూ పట్టుకోకుండా రెండుపూటలా గంజి తాగే దారి చూపించడం. 1949లో ఇక్కడ పెట్టిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఈ ఆడవాళ్లకు పత్తి ఇచ్చి నూలు తీసుకుంటూ వచ్చింది. ఇప్పుడు రాట్నం ముందున్నవాళ్లలో వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. రోజంతా వడికినా వచ్చేది రోజుకూలికి సరిపోదు. తమ తల్లులు తమకు నేర్పినట్టు తాము కూతుళ్లకు నేర్పడం ఆ తల్లులే మానేశారు. పిల్లలు చదువుకుని ఉద్యోగాలకు పోవాలని కోరుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. తప్పు ఆ నూలుకు సరైన కూలి కట్టలేకపోయినవాళ్లది.

తల్లినుంచి కూతురికే ఇల్లు, ఆస్తి, పేరు దిగిన వంశాలు కూడా ఈ నేల మీద ఉన్నాయి. విజయనగరం సంస్థానంలో, శ్రీకూర్మం వంటి గుళ్లలో ఆటపాటల కొలువున్న కళావంతుల ఇళ్లు అవి. ఆ ఇళ్లలో కూతురు పుడితే సంబరం. ఇంటి పెద్ద ఆడది. పదాలూ జావళీలూ తల్లి గొంతునుంచి కూతురి గొంతుకు దిగేవి, మాన్యాలూ నగలూ కూడా ఆ దారినే వచ్చేవి. ఆడపిల్ల లేకపోతే పెంచుకునేవారు. ఆ బతుకులో మగవాడి దయ మీద ఆధారపడక తప్పని బాధ, పిల్లల ఇష్టంతో పనిలేకుండా గుడికి కట్టబెట్టిన అన్యాయం ఉన్నాయి, వాటిని దాచకూడదు. 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి గుడికి అంకితమివ్వడం ఆపింది. ఆపవలసిందే. కానీ ఆ చట్టంతోపాటు, తన పేరు చెప్పుకుని తన కూతురికి ఇల్లు అప్పజెప్పే హక్కున్న తల్లి కూడా ఈ ప్రాంతంలో కనుమరుగైంది. ఆ తల్లులే చాలామంది గజ్జెలు మూలపెట్టి, కూతుళ్లకు పెళ్లిళ్లు చేసి, తమ విద్య సంగతి మనవలకు కూడా చెప్పకుండా బతికారు. తమ బిడ్డలు తలెత్తుకు తిరగాలని తమ గొంతు తామే నొక్కుకున్నారు.

మనుషులతో ఆగలేదు, ఉత్తరాంధ్ర జనం దేవతను కూడా కూతురిగానే చూసుకున్నారు. విజయనగరం పైడితల్లమ్మను ఊరు అమ్మా అని మొక్కుతుంది, రాజుల ఆడపడుచు అని చెప్పుకుంటుంది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధంలో తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు చనిపోయాడు. ఆయన చెల్లెలే పైడితల్లిగా వెలిసిందనీ, విగ్రహం పెద్దచెరువులో దొరికిందనీ స్థలపురాణం. విజయదశమి తరవాత వచ్చే తొలి మంగళవారం సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటే, అది గుడినుంచి కోటదాకా మూడుసార్లు వెళ్లి వస్తుంది. కోట బురుజు మీద రాజకుటుంబం ఎదురుచూస్తుంది. ఆడపడుచు పుట్టింటి గడప దాకా వచ్చి వెళ్తున్నట్టే కదా అది. పసుపూ కుంకుమా చీరా పట్టుకుని వచ్చే ఆడవాళ్లు ఆ రోజు దేవతకు మొక్కేది తల్లికి మొక్కినట్టే. పెట్టేది మాత్రం కూతురికి పెట్టినట్టు.

ఈ బంధానికి ఆధారంగా నిలిచినవి ఒక్కొక్కటే ఎట్లా జారిపోయాయో చూడాలి.

మొదటిది వలస. కళింగపట్నం, భీమునిపట్నం రేవులనుంచి ఓడలెక్కి గంజాం, విశాఖ జిల్లాల మగవాళ్లు వేలకు వేలు రంగూను పోయారు. అక్కడ వాళ్లకు కోరంగీలని పేరు. ఇళ్లలో మిగిలింది ఆడవాళ్లు. తల్లి, కూతురు, కోడలు. తరవాత ఆ వలస కలకత్తాకు, ఖరగ్‌పూర్‌కు, హైదరాబాదుకు, చెన్నైకి తిరిగింది, గుజరాతు తీరంలో పడవలెక్కే జాలర్లూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో వెయ్యిమంది మగవాళ్లకు విజయనగరం జిల్లాలో 1019 మంది, శ్రీకాకుళం జిల్లాలో 1015 మంది ఆడవాళ్లు తేలడంలో ఈ వలసల పాలు ఉంది. ఈ తరంలో ఆడవాళ్లూ కుటుంబంతోపాటు వెళ్తున్నారు. కూతురు హైదరాబాదు అపార్టుమెంటు కాపలా గదిలో, తల్లి పలాస దగ్గర ఊళ్లో. పురుడుకి రావడానికి సెలవు దొరకదు. తల్లే రైలెక్కి వెళ్తోంది, ఇబో తల్లిలాగా.

రెండోది ఓలి పోయి కట్నం రావడం. భూములూ ఉద్యోగాలూ వచ్చిన కులాలు పై కులాలను చూసి ఓలి పుచ్చుకోవడం నామోషీ అనుకున్నాయి. ఇరవయ్యో శతాబ్దం సగం దాటేసరికి ఎదురు ఇచ్చి పంపడం పరువైంది. 1961 వరకట్న నిషేధ చట్టం కాగితం మీద ఉంది. పిల్ల చేతులకు ఇచ్చిన విలువ తలకిందులై, పిల్లను వదిలించుకోవడానికి విలువ కట్టడం మొదలయ్యాక, తిరిగొచ్చిన కూతురు తల్లికి తోడు కాకుండా ఇంటికి బరువుగా లెక్కకొచ్చింది. మాట మాట్లాడకుండా సర్దుకుపో అని కూతురికి చెప్పే తల్లి పుట్టింది అప్పుడే. ఈ తల్లి వెంకమ్మకంటే కఠినమైనదేం కాదు. ఆవిడకున్నంత నిస్సహాయత ఈవిడకూ వచ్చిపడింది.

మూడోది ఆస్తి. పాతకాలంలో భూమి కొడుకులదైనా తల్లి స్త్రీధనం కూతుళ్లది. మితాక్షర పద్ధతిలో ఆడదాని సొంత ఆస్తి ముందు పెళ్లికాని కూతురికి, తరవాత పెళ్లయినవాళ్లలో లేనిదానికి, ఆ తరవాతే ఉన్నదానికి చెందేది. కొడుకుల వంతు వాళ్లందరి తరవాత. పసుపుకుంకుమ కింద పుట్టింటివారు ఇచ్చిన ఎకరమో అరెకరమో, కాసులపేరో, కడియాలో తల్లి మెడనుంచి కూతురి మెడకు నేరుగా వెళ్లేవి. 1956 హిందూ వారసత్వ చట్టం ఆడవాళ్లకు ఎన్నో హక్కులిచ్చింది. కానీ తల్లి ఆస్తిలో కూతురికి ఉన్న ఆ ముందు వరసను తీసేసింది. ఇప్పుడు తల్లి వీలునామా రాయకుండా పోతే కొడుకులు, కూతుళ్లు, భర్త సమానంగా పంచుకుంటారు. తండ్రి వైపు ఉమ్మడి ఆస్తిలో వాటా మాత్రం ఆంధ్రప్రదేశ్ ముందుగా ఇచ్చింది. 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అయితే ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకే. అంతకుముందు పెళ్లయిపోయినవాళ్లు 2005లో దేశమంతటికీ చట్టం మారేదాకా ఆగారు. తండ్రి 2005 నాటికి బతికి లేకపోయినా ఆ హక్కు కూతురిదేనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది.

ఊళ్లలో జరిగేది వేరు. తండ్రి పోయిన ఏడాదికి అన్నదమ్ములు కాగితం పట్టుకొస్తారు, ఆడపిల్ల పుట్టింటి దారి తెగిపోతుందన్న భయంతో సంతకం పెట్టేస్తుంది. తల్లి పక్కనే ఉండి, పెట్టెయ్యమ్మా అంటుంది. కొడుకు దగ్గర బతకవలసినది ఆవిడ.

ఆ తల్లికి కూడా చేతిలో ఒకటి ఉంది. తన పేరున పుట్టింటివాళ్లు ఇచ్చిన పసుపుకుంకుమ భూమి ఎంత చిన్నదైనా, అది నోటిమాటగా వచ్చినదైతే ముందు రికార్డుల్లో తన పేరు ఎక్కించుకోవాలి. ఆ తరవాత కూతురికి చెందాలని వీలునామా రాసుకోవచ్చు. తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది, తాను సంతకమో వేలిముద్రో పెట్టి, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అట్లాంటి అరెకరాలు ఉన్న తల్లులు ఆ కాగితం ఈ ఏడే రాసి పెట్టుకోవాలి. రాయలేని తల్లి పక్కన కూర్చుని రాసిపెట్టే పని చదువుకున్న కూతుళ్లది.